జోహానెస్‌బర్గ్‌లో చెప్పే లెక్క హైదరాబాద్‌లో ఎందుకు చెప్పరు?

మన దేశపు పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకదాన్ని ఊహించుకోండి. పేరు ఏదైనా ఫరవాలేదు, ఈ విషయంలో అందరిదీ ఒకటే దారి. దక్షిణాఫ్రికాలో దానికి ఆఫీసు ఉంది. తన దగ్గర పనిచేసేవాళ్లలో ఆఫ్రికన్లు ఎందరు, కలర్డ్ ఎందరు, భారత సంతతివాళ్లు ఎందరు, తెల్లవాళ్లు ఎందరు, ఏ హోదాలో ఎందరున్నారు అని అక్కడి కార్మిక శాఖకు ఏటా లెక్క రాసివ్వాలి. రాసిస్తుంది. అమెరికాలోనూ ఆఫీసు ఉంది. అక్కడ కూడా జాతి వారీగా, స్త్రీ పురుషుల వారీగా ఏటా ఫారం నింపి ప్రభుత్వానికి పంపుతుంది. హైదరాబాద్‌లో ఈ రెండిటికన్నా పెద్ద క్యాంపస్ ఉంది. ఇక్కడ ఎస్సీలు ఎందరు, ఎస్టీలు ఎందరు అని అడిగి చూడండి. 'మేం కులం చూడం, మెరిట్ చూస్తాం' అంటుంది.

కులం చూడకపోతే మంచిదే కదా అనుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు. కానీ చూడకపోవడం వేరు, లెక్క తీయకపోవడం వేరు. లెక్క తీయని చోట కులం లేకుండా పోదు. అది ఉందని నిరూపించే కాగితం మాత్రం ఉండదు.

భారతీయ ఐటీ కంపెనీలు ప్రపంచ మార్కెట్‌ను ఎలా పట్టాయన్న కథ మనకు ఎప్పుడూ ఒకే తీరులో చెప్తారు: నలుగురైదుగురు తెలివైన మధ్యతరగతి ఇంజినీర్లు, కొద్దిపాటి పెట్టుబడి, బోలెడంత కష్టం. అందులో అబద్ధం లేదు, చెప్పకుండా వదిలేసింది మాత్రం చాలా ఉంది. 1968లో మొదలైన టీసీఎస్ 1970ల్లో బరోస్ అనే అమెరికన్ కంప్యూటర్ కంపెనీకి పనిచేస్తూ ఎగుమతుల దారి పట్టింది. 1981లో ఏడుగురు కలిసి పెట్టిన ఇన్ఫోసిస్ 1999లో నాస్‌డాక్‌లో లిస్టయింది, భారత్‌లో రిజిస్టరైన కంపెనీల్లో అదే మొదటిది. 1987లో హైదరాబాద్‌లో పుట్టిన సత్యం 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఎక్కి, 2009 జనవరి 7న దొంగలెక్కలు ఒప్పుకుని కుప్పకూలింది.

వీళ్లు అమ్మిందేమిటి? మొదట్లో సాఫ్ట్‌వేర్ వస్తువు కాదు, ఇంజినీరు గంటలు. అమెరికా బ్యాంకు దగ్గరికి మనిషిని పంపి, గంటకు ఇంత అని బిల్లు వేయడం. తర్వాత పనిని రెండు ముక్కలు చేశారు. కొద్దిమంది క్లయింట్ దగ్గర కూర్చుంటారు, మిగతావాళ్లు బెంగళూరులో, హైదరాబాద్‌లో, చెన్నైలో కూర్చుని అదే పని చవకగా చేస్తారు. 2000 సంవత్సరానికి ముందు వచ్చిన వైటూకే భయం ఈ వ్యాపారానికి ఊపిరి పోసింది. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలకు మార్చడానికి పడమటి దేశాలకు వేల చేతులు కావాల్సి వచ్చింది. 1990 చట్టంతో వచ్చిన హెచ్-1బీ వీసాల పరిమితి మొదట 65 వేలు. గిరాకీ పెరిగేసరికి అమెరికా దాన్ని లక్షా 15 వేలకు, తర్వాత లక్షా 95 వేలకు పెంచింది. 2004లో మళ్లీ 65 వేలకు దించింది.

ఇదంతా 'ప్రైవేటు' విజయమేనా? 1991లో కేంద్ర ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు పెట్టింది. ఎగుమతుల లాభాల మీద ఆదాయపు పన్ను మినహాయింపు 2011 మార్చి దాకా నడిచింది. ఆ మినహాయింపు ముగిసే లోపే, 2005 చట్టంతో ప్రత్యేక ఆర్థిక మండళ్లు వచ్చి మరో గొడుగు పట్టాయి. మొదటి తరం ఇంజినీర్లను తయారుచేసింది ఐఐటీలు, ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీలు, రాష్ట్ర యూనివర్సిటీలు. అన్నీ ప్రజల డబ్బుతో నడిచినవే. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచినప్పుడు రోడ్డు, కరెంటు, నీళ్లు ప్రభుత్వానివే. ఈ దేశంలో అగ్గిపెట్టె కొన్న కూలీ కూడా పన్ను కడతాడు. ఆ పన్నులో కొంత ఈ కంపెనీల విమానం టికెట్లలో ఉంది.

ఇంకొక పెట్టుబడి కూడా ఉంది, అది ఏ వార్షిక నివేదికలోనూ కనపడదు. చైనాకు చెందిన మానవశాస్త్ర పరిశోధకుడు షియాంగ్ బియావో హైదరాబాద్‌లో, సిడ్నీలో తిరిగి తెలుగు ఐటీ వలస మీద రాసిన 'గ్లోబల్ బాడీ షాపింగ్' 2007లో వచ్చింది. వ్యవసాయ మిగులు, కట్నం డబ్బు, బంధుత్వం, ఈ మూడూ కలిసి ఒక కుర్రాణ్ని ఆంధ్రా పల్లె నుంచి విదేశీ కంప్యూటర్ ముందుకు ఎలా చేరుస్తాయో ఆయన చూపించాడు. మనకిది కొత్త కాదు. కాలువ కింద పొలం ఉన్న ఇల్లు కొడుకుని ఇంజినీరింగ్ చదివించింది. కోడలు తెచ్చిన కట్నం వీసా ఖర్చయింది. అమెరికాలో ముందే స్థిరపడిన మేనమామ కన్సల్టెన్సీ పెట్టి ఆ పిల్లవాణ్ని బెంచ్ మీద కూర్చోబెట్టుకున్నాడు. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు ఎవరైనా నేర్చుకోవచ్చు, నేర్చుకున్నారు కూడా. పొలం, కట్నం, మేనమామ ఈ మూడూ లేని మాల మాదిగ పిల్లలకు ఆ కోర్సు తర్వాత మెట్టు దొరకలేదు.

తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు 700 దాటాయి. కూలి చేసుకునే ఇళ్ల నుంచి మొదటిసారి బీటెక్‌లు బయటికొచ్చారు. ఇది చిన్న మార్పు కాదు. కానీ కాలేజీ గేటు తెరుచుకున్నాక క్యాంపస్ సెలక్షన్ గేటు దగ్గర వేరే తాళం కనపడింది. పదిలో, ఇంటర్‌లో, బీటెక్‌లో అన్నిట్లో 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగ్ ఉండకూడదు, మధ్యలో ఏడాది గ్యాప్ రాకూడదు. పెద్దఎత్తున నియమించుకునే కంపెనీలు ఏళ్ల తరబడి పెట్టిన షరతులివి. వీటిలో కులం అన్న మాట ఎక్కడా లేదు. కానీ జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదివి, ఇంటర్ తర్వాత తండ్రి జబ్బు పడితే ఏడాది కూలికి వెళ్లి, బీటెక్ మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లిష్ లెక్చర్ అర్థంకాక ఒక పేపర్ పోగొట్టుకున్న అమ్మాయికి ఈ మూడు షరతులూ ఒకేసారి తగులుతాయి. ఆమె పేరు ఏ తిరస్కరణ జాబితాలోనూ ఉండదు. పరీక్ష రాయడానికే అర్హురాలు కాదు కాబట్టి.

ఇంటర్వ్యూ దాకా వెళ్లినవాళ్ల సంగతి సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2007లో అచ్చయిన అధ్యయనంలో బయటపెట్టారు. పత్రికల్లో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం చదువు, ఒకే రకం అనుభవంతో 4,808 దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రం మార్చారు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే నిష్పత్తి 0.67. ముస్లిం పేరుకు 0.33. అదే ఏడాది సురిందర్ జోధ్కా, కేథరీన్ న్యూమన్ కంపెనీల హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడి రాసిన వ్యాసంలో ఇంకో సంగతి తేలింది. మెరిట్ తప్ప ఏదీ చూడమని చెప్పిన మేనేజర్లే అభ్యర్థి 'ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్' ముఖ్యమని కూడా చెప్పారు. నాన్న ఏం చేస్తారు అన్న ప్రశ్నకు 'బ్యాంక్ మేనేజర్' అని చెప్పేవాళ్లకూ, 'చెప్పులు కుడతారు' అని చెప్పేవాళ్లకూ ఒకే మార్కులు పడతాయని నమ్మేవాళ్లు ఉంటే చేతులెత్తండి.

సముద్రం దాటిన కులం

కంపెనీలతో, వాళ్లు తయారుచేసిన మనుషులతో కులం కూడా అమెరికా చేరింది. 2020 జూన్ 30న కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వ సంస్థ సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. సిస్కో అమెరికన్ కంపెనీయే. కానీ ఫిర్యాదులో ఉన్న మనుషులు, మాటలు మనవి. ఒక దళిత ఇంజినీరుకు ఐఐటీలో సీటు రిజర్వేషన్ మీద వచ్చిందని ఆయన పై అధికారి తోటి ఉద్యోగులకు చెప్పాడని, దాన్ని ప్రశ్నించినందుకు పనిలో పక్కనపెట్టారని ఆరోపణ. కంపెనీ దాన్ని ఖండించింది. ఇద్దరు అధికారుల మీద వ్యక్తిగత కేసును 2023 ఏప్రిల్‌లో ప్రభుత్వ సంస్థ వెనక్కి తీసుకుంది, కంపెనీ మీద మాత్రం కొనసాగించింది. తీర్పు సంగతి ఎలా ఉన్నా ఆ కేసు ఒక మూత తెరిచింది. అదే ఏడాది 30 మంది దళిత మహిళా ఇంజినీర్లు పేర్లు చెప్పకుండా ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. పేర్లు చెప్పకుండా ఎందుకంటే, చెబితే పక్క సీటులో కూర్చునేది మళ్లీ మనవాళ్లే కాబట్టి.

2022 ఏప్రిల్‌లో గూగుల్‌లో జరగాల్సిన తేన్మొళి సౌందరరాజన్ ప్రసంగం ఉద్యోగుల అభ్యంతరాలతో రద్దయింది. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర మండలి క్షమా సావంత్ ప్రతిపాదనతో కుల వివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభలో ఆయిషా వహాబ్ పెట్టిన ఎస్‌బీ 403 బిల్లు ఉభయసభలూ దాటి గవర్నర్ న్యూసమ్ టేబుల్ మీదికి వెళ్లింది. ఇప్పుడున్న చట్టాల్లో వంశం అన్న పదం కింద ఇది వస్తుందంటూ 2023 అక్టోబర్ 7న ఆయన దాన్ని వీటో చేశాడు. బిల్లుకు అడ్డంగా నిలబడ్డవాళ్లలో భారతీయ అమెరికన్ సంఘాలే ముందున్నాయి. కులమే లేదన్నవాళ్లు దాన్ని నిషేధిస్తే ఎందుకంత కంగారు పడ్డారో ఇప్పటికీ ఎవరూ సరిగా వివరించలేదు.

అమెరికా ఫారంలోనూ ఒక లోపం ఉంది. అక్కడ 100 మందికి పైగా ఉద్యోగులున్న ప్రైవేటు కంపెనీలు ఈఈఓ-1 అనే నివేదిక ఏటా ఇవ్వాలి. 1964 పౌరహక్కుల చట్టం నుంచి పుట్టిన పద్ధతి అది. అందులో మనమంతా 'ఏషియన్' అనే ఒకే గడిలో పడతాం. న్యూజెర్సీలో పనిచేసే వెయ్యిమంది తెలుగువాళ్లు ఒకే కులం నుంచి వచ్చినా ఆ కాగితం మీద వైవిధ్యంగానే కనపడుతుంది.

దక్షిణాఫ్రికా పాఠం

మన చర్చల్లో అమెరికా గురించి మాట్లాడినంత దక్షిణాఫ్రికా గురించి మాట్లాడం. నిజానికి మనకు పనికొచ్చేది అక్కడుంది. వర్ణవివక్ష పాలన పోయాక 1998లో ఉపాధి సమానత్వ చట్టం తెచ్చారు. 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న యజమాని ఎవరైనా జాతి వారీగా, లింగం వారీగా, ఒక్కో హోదా వారీగా ఏటా నివేదిక ఇవ్వాలి. పై మేనేజ్‌మెంట్‌లో ఎందరు, మధ్య మేనేజర్లు ఎందరు, నైపుణ్యం లేని పనుల్లో ఎందరు, అన్నీ విడివిడిగా. నివేదికతో పాటు ఈ తేడాను ఎలా తగ్గిస్తారో ప్రణాళిక కూడా ఇవ్వాలి. ఇండియా నుంచి పంపిన ఇంజినీర్లను విదేశీయులు అనే వేరే గడిలో రాయాలి, స్థానికుల లెక్కలో కలిపి చూపిస్తే కుదరదు.

2003లో ఇంకో చట్టం వచ్చింది, నల్లజాతీయుల విస్తృత ఆర్థిక సాధికారత చట్టం. దీని పనితీరు తెలివైనది. యాజమాన్యంలో, మేనేజ్‌మెంట్‌లో, శిక్షణలో, ఎవరి దగ్గర సరుకు కొంటున్నారన్న దాంట్లో నల్లజాతీయుల వాటాను బట్టి కంపెనీకి ఒకటి నుంచి ఎనిమిది దాకా స్థాయి ఇస్తారు. ప్రైవేటు కంపెనీ ఈ స్థాయి తెచ్చుకోకపోతే జైలేమీ లేదు. కానీ ప్రభుత్వ కాంట్రాక్టు రావడం కష్టం. ప్రైవేటు బ్యాంకు కూడా తన సొంత స్కోరు పెంచుకోవడానికి మంచి స్థాయి ఉన్న కంపెనీ దగ్గరే సేవలు కొంటుంది. అలా ఒకరి నుంచి ఒకరికి ఒత్తిడి పాకుతుంది. దీనివల్ల ఒక చిన్న నల్లజాతి ధనికవర్గం మాత్రమే బాగుపడిందని, పేరుకు నల్లవాళ్లను ముందు నిలబెట్టి వెనక తెల్లవాళ్లే నడుపుతున్నారని అక్కడివాళ్లే తిడతారు. ఆ మోసాన్ని నేరం చేస్తూ చట్టాన్ని సవరించుకున్నారు కూడా. లోపాలున్నాయి, కాదనను. నేను చూసేది వేరే. టీసీఎస్, ఇన్ఫోసిస్, టెక్ మహీంద్ర ఆ దేశంలో వ్యాపారం చేస్తున్నాయి. ఈ చట్టాల వల్ల నాణ్యత దెబ్బతింటుందని దుకాణం మూసి వచ్చేయలేదు.

అమెరికాలోనూ ఇంతే. 2017లో ట్రంప్ మొదటిసారి అధ్యక్షుడై వీసాల మీద కత్తి దూయగానే, రెండేళ్లలో పదివేల మంది అమెరికన్లను చేర్చుకుంటామని ఇన్ఫోసిస్ ప్రకటించింది. ఇండియానాలో, నార్త్ కరోలినాలో కేంద్రాలు తెరిచింది. ఒక వర్గం మనుషులకు ఇన్ని ఉద్యోగాలు అని ముందే అంకె చెప్పడాన్ని ఇక్కడ ఏమంటారు? కోటా అంటారు. ఇండియానాపోలిస్‌లో దాన్ని స్థానిక పెట్టుబడి అన్నారు.

ఇక్కడ ఏం జరిగింది? 2004లో యూపీఏ ఉమ్మడి కార్యక్రమంలో ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మీద చర్చ అన్న మాట చేరింది. పెద్ద ఐటీ అధినేతలతో సహా పరిశ్రమ మొత్తం ఎదురు తిరిగింది. 2006లో సీఐఐ, అసోచామ్ కలిసి జె.జె. ఇరానీ నేతృత్వంలో టాస్క్‌ఫోర్స్ వేసుకుని, చట్టం వద్దు, స్వచ్ఛందంగా చేస్తాం అన్నాయి. కొన్ని స్కాలర్‌షిప్‌లు, కొన్ని శిక్షణ శిబిరాలు వచ్చాయి. వాటివల్ల బాగుపడ్డ పిల్లలూ ఉన్నారు. కానీ ఇరవై ఏళ్లలో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్లలో ఎందరు టీమ్ లీడ్ దాటారు అంటే జవాబు చెప్పే పట్టిక లేదు. లిస్టయిన పెద్ద వెయ్యి కంపెనీలు బాధ్యతా నివేదిక ఇవ్వాలని సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. కరెంటు ఎంత వాడారు, నీళ్లు ఎంత వాడారు, ఆడవాళ్లు ఎందరు, వికలాంగులు ఎందరు, అన్నీ అందులో ఉంటాయి. ఉద్యోగుల కులం గడి లేదు.

ఇక్కడ మనవాళ్ల నుంచే ఒక న్యాయమైన భయం వినపడుతుంది. కంపెనీలో కులం అడిగితే, ఇన్నాళ్లూ ఇంటిపేరు దాచుకుని నెట్టుకొస్తున్నవాళ్లు బయటపడతారు కదా? సిస్కో ఫిర్యాదులో ఉన్న గాయం కూడా అదే, కులం బయటపెట్టడం. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. దక్షిణాఫ్రికాలో ఉద్యోగి తన వివరం తానే ఒక ఫారంలో రాసిస్తాడు, ప్రభుత్వానికి వెళ్లేది మొత్తం అంకెలే, పేర్లు కాదు. మన దగ్గర మాత్రం ఆ ఫారం మేనేజర్ టేబుల్ మీదికి వెళ్లే ప్రమాదం ఎక్కువ. కాబట్టి లెక్క అడిగేటప్పుడే అది కంపెనీ చేతుల్లో కాకుండా బయటి సంస్థ చేతుల్లో ఉండాలని, చిన్న టీముల అంకెలు విడిగా బయటపెట్టకూడదని మనమే రాసి అడగాలి. రిజర్వేషన్లు కావాలా వద్దా అన్నది పెద్ద పోరాటం, రాజ్యాంగ సవరణ దాకా వెళ్లొచ్చు. లెక్కకు అంత అక్కర్లేదు. సెబీ పట్టికలో కొన్ని నిలువు గీతలు చాలు.

ఇప్పుడు దీనికి తొందరెందుకంటే బయటి తలుపు మూసుకుంటోంది. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెడుతూ ట్రంప్ ఉత్తర్వు ఇచ్చాడు. అదే ఏడాది జులైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా ఉద్యోగులను తగ్గిస్తామని ప్రకటించింది. మొదటి తరం దళిత ఇంజినీర్లు మెట్టెక్కే సమయానికి మెట్టు తీసేస్తున్నారు. పొలం అమ్మి, అప్పు చేసి అమెరికాలో ఎమ్మెస్‌కి వెళ్లిన మన పిల్లలకు, ముందు తరంలా ఆదుకునే మేనమామ కన్సల్టెన్సీ లేదు. ఇంకోవైపు పని ఇక్కడికే వస్తోంది. విదేశీ కంపెనీల సొంత కేంద్రాలు దేశంలో 1,700 దాటాయి, 19 లక్షల మంది వాటిలో పనిచేస్తున్నారని నాస్కామ్ లెక్క. హైదరాబాద్‌కు అందులో పెద్ద వాటా ఉంది. ఈ కేంద్రాల్లో చాలా నియామకాలు రెఫరల్ మీద, అనుభవం ఉన్నవాళ్లతో జరుగుతాయి. లోపల ఉన్నవాళ్లు తమకు తెలిసినవాళ్ల పేరే ఇస్తారు. ఎవరికి ఎవరు తెలుసో మన సమాజంలో విడమరిచి చెప్పనక్కర్లేదు.

తెలంగాణ 2024 సర్వే ప్రకారం రాష్ట్రంలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం. రాష్ట్రం తన జనాన్ని లెక్కపెట్టుకోగలిగింది. 2027 జనగణనలో దేశమంతా కులం లెక్కిస్తామంటోంది కేంద్రం. జనం లెక్క ఒక చేతిలో, గచ్చిబౌలి ఆఫీసుల లెక్క రెండో చేతిలో ఉంటే తప్ప పోల్చడానికి వీల్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో అడగడానికి తాజా సందర్భం కూడా ఉంది. 2025 ఏప్రిల్‌లో విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వడానికి రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించింది. పెట్టుబడి 1,370 కోట్లు, ఉద్యోగాలు 12 వేలు అన్నారు. కాగ్నిజెంట్‌కూ అదే ధర, ఉద్యోగాలు 8 వేలు. ఎకరాలకు అంకె ఉంది, కోట్లకు అంకె ఉంది. ఆ 20 వేల ఉద్యోగాల్లో మన పిల్లలకు ఎన్ని అన్న అంకె మాత్రం వినపడలేదు. కంపెనీని సమాచార హక్కు కింద అడగలేం. కానీ భూమి ఇచ్చిన ప్రభుత్వాన్ని అడగొచ్చు: ఒప్పందం నకలు, ఉద్యోగాల మీద పెట్టిన షరతులు, వాటిని ఎవరు ఎప్పుడు తనిఖీ చేస్తారన్న వివరం. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం కాలేజీల విద్యార్థి సంఘాలు ఒక్కొక్కటీ ఒక్కో దరఖాస్తు పెట్టినా చాలు. దరఖాస్తు రుసుము పది రూపాయలు. ఆ 99 పైసలకు పది రెట్లు మనమే ఎక్కువ కడుతున్నాం.